శత్రువుగారు ఎవరి తాలూకు?

మన దేశానికి సైన్యం శుద్ధ దండగ. ట్యాంకులూ తుపాకులూ కరిగించి కాలువలకు లాకులు కట్టుకోవచ్చు. మనల్ని కాపాడటానికి ఒక్క ప్రశ్న చాలు: "ఎవరి తాలూకండీ?"

ఈ ప్రశ్న వింటే చదువుకున్న కుర్రాళ్లు మూతి విరుస్తారు. ఇది మన వెనకబాటుతనమట! వాళ్లకేం తెలుసు? బెజవాడలో సిమెంటు పర్మిట్టుకు వెళ్లండి. ఇల్లు ఎన్ని గదులని ఎవరూ అడగరు, ఎవరి తాలూకని అడుగుతారు. రైల్లో బెర్తుకు వెళ్లండి, కొత్త సినిమా టికెట్టుకు వెళ్లండి, పిల్లవాడికి కాలేజీ సీటుకు వెళ్లండి. అదే ప్రశ్న. ఎంత సౌకర్యం! మనిషిని పరీక్షించే శ్రమ ఎవరికీ లేదు. ఆసుపత్రిలో మంచం దొరకాలన్నా జబ్బు ఒక్కటే చాలదు, తాలూకు కూడా ఉండాలి. మా ఇంటావిడకు జబ్బు మాత్రమే ఉండేది.

అది అలా ఉంచండి. ఈ ప్రశ్న ఒక ఊరిని శత్రువుల నుంచి ఎలా కాపాడిందో చెబుతాను.

బంగ్లాదేశ్ యుద్ధం అయిన మరుసటి ఏడు, నాట్ల రోజుల్లో, గన్నవరం చుట్టుపక్కల ఊళ్లలో ఉత్తుత్తి యుద్ధం ఒకటి జరపాలని పైవాళ్లు నిర్ణయించారు. దాని పేరు రక్షణ విన్యాసం. ఐదుగురు వాలంటీర్లు మామూలు బట్టల్లో ఊళ్లోకి వస్తారు. వాళ్లు శత్రువులన్నమాట. కాలువ లాకుకూ, ట్రాన్స్‌ఫార్మరుకూ, రైసుమిల్లుకూ ఒక్కొక్క ఎర్రగుడ్డ కడతారు. గుడ్డ కడితే బాంబు పెట్టినట్టు లెక్క. సాయంత్రం ఐదు లోపల ఊరివాడు ఎవడైనా సరే వాళ్లను పసిగట్టి రక్షణ కమిటీ దగ్గరికి కబురు తెస్తే ఊరు గెలిచినట్టు. గెలిచిన ఊరికి టెలిఫోను!

ఏలూరు కాలువ గట్టున ఉన్న ఆ ఊళ్లో కమిటీ ప్రెసిడెంటు వెంకటప్పయ్యగారు. ఎనభై ఎకరాల ఆసామి, మిల్లు ఆయనదే. ఆ టెలిఫోను కోసం ఆయన వారం రోజులుగా సరిగా నిద్రపోలేదు. ఊరికి అవసరమూ ఉంది. ఆ వేసవిలో ఒకావిడకు పురుడు కష్టమైతే కారు కోసం గన్నవరం దాకా సైకిలు మీద మనిషిని పంపాల్సి వచ్చింది. అంతకన్నా పెద్ద కష్టం, పక్క ఊరి ప్రెసిడెంటు వసారాలో ఫోను అప్పటికే మోగుతోంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆ మోత తన చెవిన పడుతోందని వెంకటప్పయ్యగారి నమ్మకం. మధ్యలో మూడు మైళ్లు పొలాలున్నాయి.

అందుకని తన వసారాలో ఫోను పెట్టే బల్ల ముందే చేయించారు. దాని మీద లేసు గుడ్డ పరిపించారు. కొత్త మొహం కనబడితే కట్టేసి తీసుకురమ్మని ఊరంతా టముకు వేయించారు.

పదకొండు గంటల బస్సులో ఐదుగురు దిగారు. ఇస్త్రీ చొక్కాలు, చేతిసంచులు. మీరూ నేనూ అయితే ఇట్టే పోల్చుకుంటాం. కానీ మనకు వెంకటప్పయ్యగారికున్న మర్యాద లేదు కదా! ఆయన వసారా దిగి ఎదురెళ్లి, ఊరి పద్ధతి ప్రకారం అడగవలసింది అడిగారు.

"ఎవరి తాలూకండీ?"

శత్రు నాయకుడు కాశీరావు అనే కుర్రాడు. అసలు పేరు చెప్పకూడదనీ, ఎరువుల కంపెనీ మనుషులమని చెప్పుకోవాలనీ అతనికి నేర్పి పంపారు. కానీ ఎవరి తాలూకని అడిగితే ఏం చెప్పాలో నేర్పలేదు. కంగారులో అతనికి తాలూకు కాస్తా తాలూకాగా వినబడింది.

"దివి తాలూకా అండీ. చల్లపల్లి పక్కన."

వెంకటప్పయ్యగారి గుండె ఝల్లుమంది. చల్లపల్లి ఆయన భార్య మాణిక్యమ్మగారి పుట్టిల్లు. కిందటేడు ఒక పెళ్లిలో ఆవిడ మేనమామ అల్లుణ్ణి పోల్చుకోలేక, వంటవాడనుకుని మజ్జిగ తెమ్మన్నారాయన. నెల రోజులు ఇంట్లో ఆయనతో మాట్లాడే దిక్కు లేకపోయింది. మళ్లీ పేర్లడిగి చేజేతులా నెల రోజుల మౌనం తెచ్చుకుంటారా? కాళ్లకు నీళ్లిప్పించారు.

లోపల మాణిక్యమ్మగారు, వీళ్లు ఆయన కమిటీ స్నేహితులు కాబోలు అనుకున్నారు. ఆయన స్నేహితుల పేర్లు అడగడం ఆవిడ ఎప్పుడో మానేశారు. గుత్తివంకాయ చేసి, గడ్డపెరుగు వేసి, ఎవరికీ తక్కువ కాకుండా కొసరి కొసరి వడ్డించారు.

చూశారా తాలూకు మహిమ! భార్య తాలూకని భర్త, భర్త తాలూకని భార్య. మధ్యలో శత్రువు ఆకు ముందు కూర్చుని మారు వడ్డించుకున్నాడు.

భోజనాలయ్యాక చుట్టాలు ఊరు చూస్తామన్నారు. వెంకటప్పయ్యగారు తానే ముందు నడిచి మిల్లు తాళం తీయించారు. కాశీరావు సంచిలోంచి ఎర్రగుడ్డ తీసి ఇంజనుకు కడుతుంటే అదేమిటని అడిగారు. దిష్టి తగలకుండా అన్నాడు కాశీరావు. చల్లపల్లి వాళ్లకు ఎంత అభిమానమని వెంకటప్పయ్యగారు లోపల కరిగిపోయారు. పశువుల కొట్టానికి కూడా ఒకటి ఇమ్మని అడిగి పుచ్చుకున్నారు.

ఆయనకు మనసు మాత్రం మనసులో లేదు. మధ్యాహ్నం తిరిగిపోయింది, శత్రువుల జాడ లేదు. చుట్టాలను వదిలి కాపలా కాయలేరు, కాపలా కోసం చుట్టాలను వదలలేరు. చివరికి, లాకులూ ట్రాన్స్‌ఫార్మరూ మీరే చూసి రండి, ఏమీ అనుకోకండి అని చెప్పి, వసారాలో కమిటీ సభ్యులతో కూర్చున్నారు.

సరిగ్గా మూడింటికి కొత్త మొహం దొరికింది!

తెల్ల చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, గుమ్మం ముందు నిటారుగా నిలబడ్డాడు. కమిటీలో ఒక్కరికీ అతనెవరో తెలియలేదు. వెంకటప్పయ్యగారి ఒళ్లు పులకరించింది. అతను నోరు విప్పబోయేలోగా ఇద్దరు సభ్యులు పలుపుతాడుతో వసారా స్తంభానికి కట్టేశారు.

"ఎవరి తాలూకురా నువ్వు?"

"మీ తాలూకేనండి అయ్యగారూ."

కమిటీ అంతా నవ్వింది. శత్రువులకు తర్ఫీదు బాగానే ఇచ్చారని వెంకటప్పయ్యగారు మెచ్చుకున్నారు. లాకు దగ్గర ఎవరో ఐదుగురు ఉన్నారని అతను ఏదో చెప్పబోతే, కాపలా వాళ్లను దారి మళ్లించే ఎత్తు ఇది, వినకండి అని హెచ్చరించారు. ఆ లాకు దగ్గర ఉన్నది తన చుట్టాలు కదా!

అతని పేరు జాన్‌బాబు. ఆ ఊళ్లోనే పుట్టాడు. ఇరవై ఏళ్లుగా వెంకటప్పయ్యగారి పొలంలో నారు పీకుతున్నాడు, నాట్లు వేస్తున్నాడు, కోతలు కోస్తున్నాడు. వెంకటప్పయ్యగారు గట్టు మీద నిలబడి రోజూ చూస్తూనే ఉన్నారు. బురదలో వంగిన ఆ వీపును వంద వీపుల్లో పెట్టినా ఆయన పోల్చగలరు. మొహం చూసే అవకాశమే రాలేదు. ఆ రోజు పెద్దవాళ్లింటికి వెళ్తున్నాను కదా అని జాన్‌బాబు కాలువలో స్నానం చేసి, ఆదివారం గుడికి తొడుక్కునే చొక్కా తొడుక్కొచ్చాడు. పొరపాటు అక్కడ జరిగింది.

ఐదింటికి ఆఫీసరుగారి జీపు వచ్చింది. వెంకటప్పయ్యగారు రెండు చేతులూ చాచి స్తంభం చూపించారు. ఆఫీసరు స్తంభాన్ని చూశాడు, జేబులోంచి కాగితం తీసి చూశాడు, మళ్లీ స్తంభాన్ని చూశాడు. తను పంపినవాళ్లలో ఇతను లేడన్నాడు.

అప్పుడు, లాకుల నుంచి దొడ్డిదారిన తిరిగొచ్చి గదిలో నడుం వాల్చిన ఐదుగురు చుట్టాలు ఆవలిస్తూ బయటికొచ్చారు. నులకమంచాల మీద పడుకున్న గుర్తులు ఇంకా బుగ్గల మీద ఉన్నాయి. కాశీరావు ఆఫీసరుకు సెల్యూట్ చేసి, మూడు గుడ్డలూ కట్టాం సార్ అన్నాడు.

వెంకటప్పయ్యగారు లేసు గుడ్డ పరిచిన బల్లను ఆనుకుని నిలబడిపోయారు. తలుపు వెనక మాణిక్యమ్మగారు, అయితే వీళ్లెవరండీ అని మెల్లగా అడుగుతున్నారు.

కాశీరావు తిన్న ఉప్పుకు సిగ్గుపడ్డాడో ఏమో, ఇంకో మాట అన్నాడు.

"ఒకాయన మమ్మల్ని పట్టేశాడు సార్. లాకు దగ్గర పొలంలోంచి లేచొచ్చి, ఆ గుడ్డ ఎందుకు కడుతున్నారని నిలదీశాడు. మేం జవాబు చెప్పకపోతే, కమిటీకి చెబుతానని వెళ్లాడు. ఆయన ఈయనే."

ఆఫీసరు పెన్ను మూత తీశాడు. ఇతను గనక ఈ ఊరివాడైతే, మూడింటికే కబురు తెచ్చాడు కాబట్టి ఊరు గెలిచినట్టే, టెలిఫోను రాసేస్తానన్నాడు.

"మా ఊరివాడేనండీ," అన్నారు వెంకటప్పయ్యగారు. పరుగున వెళ్లి తన చేతులతో తనే తాడు విప్పారు. భుజం మీద చెయ్యి వేశారు. ఇరవై ఏళ్లలో ఆ చెయ్యి అక్కడ పడటం అదే మొదలు. "మా మనిషండీ. ఇంట్లో మనిషి లాంటివాడు."

"మంచిది. పేరు చెప్పండి."

వెంకటప్పయ్యగారు కమిటీ వైపు చూశారు. కమిటీ వానకారు మబ్బుల వైపు చూసింది. తాలూకు చెప్పమంటే అందరూ చెప్పేవాళ్లే. పేరే ఎవరికీ తెలియదు. శత్రువును పోల్చుకోలేకపోతే ఊరికి పెద్ద నష్టమేమీ లేదని, పాఠకులారా, నా అభిప్రాయం. వాడు తిని, పడుకుని, లేచి వెళ్లిపోతాడు.

వెంకటప్పయ్యగారు గొంతు తగ్గించి, ఆ తెల్ల చొక్కా చెవి దగ్గరగా వంగారు.

"నీ పేరేమిటి బాబూ?"

జాన్‌బాబుగారు మణికట్టు మీద తాడు ముద్రలు చూసుకున్నారు. చొక్కా దులుపుకున్నారు. ఆఫీసరు పెన్ను కాగితం మీద ఆగి ఉంది, ఊరంతా వసారా ముందు మూగి ఉంది.

జాన్‌బాబుగారు తొందరపడలేదు.