విమల కోసం విన్నపం

ఆ సోమవారం పొద్దున సంతోషమ్మ టీచరు పెట్టుకున్న పని ఒక్కటే. మొగుడు కర్నూలు బస్సెక్కేలోపు నవల ముగించాలి. పొయ్యిమీద జొన్నరొట్టె, ఒళ్లో పుస్తకం. రొట్టె ఒకవైపు మాడి రెండోవైపుకు తిరిగింది గానీ, నవల మాత్రం ఇంకా ముడి విప్పుకోలేదు.

మొగుడు ఆనందం కర్నూల్లో ఒక సర్కారు ఆఫీసులో ప్యూను. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిందో లేదో ఊరినిండా డేరాలు లేచాయి, డేరాలనిండా గుమాస్తాలు దిగారు. పెళ్లాంబిడ్డల్ని విడిచి వచ్చిన గుమాస్తాలకు పొద్దుపోవాలి గనుక నవలలు అద్దెకిచ్చే అంగళ్లు వెలిశాయి. ఆనందం ప్రతి శనివారం ఎర్రదొడ్డికి వస్తూ సంచిలో బెల్లం కింద ఒక నవల దాచి తెచ్చేవాడు. సోమవారం పొద్దున అది మళ్లీ సంచిలోకి పోవలసిందే.

దాచడం దేనికంటారా, ఎర్రదొడ్డి మిషను బడి పెత్తనమంతా ప్రేమయ్య పాస్టరుది. నవలంటే ఆయనకు కల్లు మీదకంటే కోపం. "లేనోళ్ల గురించి ఉన్నట్ల రాస్తే అది అబద్ధం గాక ఇంగేమప్పా? అబద్ధాలు సదివే టీచరు నా బడిలో ఉండదు" అని గుళ్లో అందరి ముందరా చెప్పేశాడు. చెప్పింది చేసే మనిషి కూడాను. సంతోషమ్మ ఉంటున్న ఇల్లు బడిది. బడి పోతే ఇల్లూ పోతుంది, ఆనందంతో పాటు డేరాలో పడుకోవాలి.

అంత భయం ఉన్న మనిషి చదివితే చదివింది, నోరు మూసుకుని ఉండొచ్చు కదా. అదే ఆమెకు చేతకాదు. చదివినదాని మీద తీర్పు చెప్పకపోతే ఆమెకు అన్నం అరగదు. ఆ తీర్పు కూడా పిల్లలకు ఎక్కాలు చెప్పే గొంతుతోనే చెబుతుంది.

"ఆ విమలది ఏమి తప్పు ఉండాదో నువ్వే చెప్పు" అంది చెప్పులు తొడుక్కుంటున్న మొగుడితో. "కడుపుతో ఉండేదాన్ని ఇడిసిపెట్టి ఆ మొగుడు మద్రాసు పోయి ఇంగొకదాంతో కాపురం పెట్టినాడు. అత్త గంజి గూడా పోయదు. అయినా ఈయమ్మ నోరెత్తదు. పొద్దున ఏడుస్తాది, మాపున ఏడుస్తాది. నేనైతే చీపురు తీసుకుందును."

"తుదకు ఏమైతాదంటావు?"

"బాయిలో పడతాదేమోనని నాకు శానా భయంగా ఉండాది."

బస్సు హారన్ వినబడింది. ఆనందం పుస్తకం లాక్కుని సంచిలో వేసుకుని పరుగెత్తాడు. విమల బావి గట్టు మీద ఉండగానే కర్నూలు వెళ్లిపోయింది.

ఆ ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్నది భుజమెత్తు మట్టిగోడ. గోడ అవతల ఉన్నది జీవమ్మ. జీవమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు, చదువు లేదు, తీరిక అసలే లేదు. ఎర్రదొడ్డిలో గుడికి వచ్చే ఆడవాళ్లు వంటకు కూర్చునేటప్పుడు దేవుని పేరున ఒక పిడికెడు జొన్నలు పక్కన తీసిపెడతారు. ఆ జొన్నలు ఇంటింటికీ తిరిగి పోగుచేసేది జీవమ్మే. జొన్నలతో పాటు ఎవరింట్లో ఏ కష్టం ఉందో కూడా పోగుచేసుకుని వచ్చి, గురువారం ప్రార్థనలో విన్నపంగా ఎత్తుతుంది. ఆమె చెవిన పడ్డ కష్టం దేవుడి దాకా పోకుండా ఆగింది లేదు.

గురువారం సాయంత్రం గుళ్లో చాపల మీద అందరూ కూర్చున్నాక ఆమె లేచి నిలబడింది. "విమల అని ఒక చెల్లెలు ఉండాది. కడుపుతో ఉండాది. మొగుడు మద్రాసులో చెడిపోయినాడు. అత్త గంజి పోయదు. బాయిలో పడేకి ఉండాది. అందరూ ఆయమ్మ కోసరం ప్రార్థన చేయండి" అంది. అంటూ కళ్లు తుడుచుకుంది.

సంతోషమ్మ ముందున్నామె వీపు చాటుకు జరిగింది.

"ఎవరు ఈ విమల?" అని అడిగాడు పాస్టరు.

"మన టీచరమ్మ మనిషే అయ్యా. ఆయమ్మ మొగునితో చెప్పుకొని బాధపడతాంటే ఇన్యా."

గుడి మొత్తం సంతోషమ్మ వైపు తిరిగింది. నవల అని చెబితే పెట్టె సర్దుకోవాలి. "మా మేనమామ కూతురు" అంది ఆమె. "కడపలో ఉంటాది."

అంతే. పాస్టరు మోకరించాడు, గుడి మోకరించింది. శుక్రవారం ఉపవాసం అన్నారు. మరునాటినుంచి ప్రతి ఇంట్లోనూ దేవుని పిడికెడు పక్కన విమల పిడికెడు ఒకటి మొదలైంది. చూలాలికి బలం కావాలని ఒకరు రాగులు, ఒకరు బెల్లం తెచ్చి పోశారు. సంతోషమ్మ ఇంటిమూలలో గోనెసంచి నిండుతోంది. ఆమె దానికి వీపు తిప్పి వంట చేసుకునేది.

శనివారం మొగుడు గడప తొక్కకముందే "ఆ పుస్తకం తెచ్చినావా?" అని అడిగింది. విమల బాగుపడిందని తెలిస్తే అదే మాట చెప్పి ప్రార్థన ఆపించవచ్చునని ఆమె ఆశ.

"యాడ? దాన్ని ఎవరో గుమాస్తా పట్టుకపోయినాడంట. ఇది ఇచ్చినారు" అని ఆనందం బెల్లం కిందనుంచి ఇంకొకటి తీశాడు. అట్ట మీద గడ్డం మాంత్రికుడు, గుహ, మేడ ఎత్తున పాము. ఇట్లాంటివి తనకు పడవని సంతోషమ్మ విసుక్కుంది. విసుక్కుంటూనే ఆదివారం రాత్రికి ముగించింది. సోమవారం పొద్దున తీర్పు మొదలైంది. వారం రోజులుగా ఇంత జరిగినా ఆ గొంతు తగ్గలేదంటే ఆమె స్వభావం అట్లాంటిది మరి.

"ఏమి రాత ఇది? మనిషిని పొట్టేలు జేసి గవి ముందర కట్టేసుకున్యాడు, సరే. మేత ఎవరేయల్ల? నీళ్లు ఎవరు పెట్టల్ల? అన్ని మంత్రాలు వచ్చినోనికి కసువు ఊడ్చేకి ఒక మనిషి లేదు. ఆ పెండ్లాం ఏడు కొండలు దాటొచ్చి పొట్టేలుకు ముద్దు పెడతాదంట. నాకైతే అసయ్యంగా ఉండాది. అయినా ఆ మద్రాసోని కంటే పొట్టేలే మేలు. యాడికీ పోడు."

గోడ మీదకు జీవమ్మ తల లేచింది. "ఎవరు టీచరమ్మా పొట్టేలయింది?"

సంతోషమ్మ పుస్తకాన్ని చేట కింద తోసింది.

"విమల మొగుడే గదా" అంది జీవమ్మ, తనకు తానే. "నేను అనుకుంటానే ఉన్యా. మంచి ఇంటి బిడ్డ ఊరికే మద్రాసులో ఎందుకుంటాడు? ఎవడో నల్లమల్లో పట్టుకొని కట్టేసుకున్యాడు."

సంతోషమ్మ తల ఎటు ఊపిందో ఆమెకే తెలియదు. జీవమ్మకు మాత్రం అవునన్నట్టే కనిపించింది.

జీవమ్మ ఆ సంగతి గురువారం ప్రార్థనలో ఎత్తేసరికి పాస్టరు మొదట కోప్పడ్డాడు. "మనిషి పొట్టేలయ్యేదేమి జీవమ్మా, బుద్ధి ఉండాదా?"

"పోయిన నెల మీరే చెప్తిరి గదయ్యా. బైబిల్లో ఒక రాజు ఎద్దుమాదిరి అడవిలో గడ్డి మేసినాడని. రాజు మేస్తే నిజము, విమల మొగుడు మేస్తే అబద్ధమా?"

తాను చెప్పిన ప్రసంగాన్ని తానే కాదనడం పాస్టరు వల్ల కాలేదు. ఆదివారం ఆరాధనలో చేతులెత్తి, "ఆ బిడ్డ ఏ రూపంలో ఉన్నా, యాడ ఉన్నా, ఈ గడప తొక్కేటట్ల చేయి తండ్రీ" అని ఏడ్చి ప్రార్థించాడు.

ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి గుడి వాకిట్లో పొట్టేలు నిలబడి ఉంది.

నల్లటిది, మెలిదిరిగిన కొమ్ములు. తెగిన పలుపు మెడకు వేలాడుతోంది. జీవమ్మే ధైర్యం చేసి "విమల" అంది మెల్లగా. పొట్టేలు అరిచింది. ముందు వరసలో ఒకామె సొమ్మసిల్లింది.

దాన్ని ఎక్కడ ఉంచాలన్నది పెద్ద తగువైంది. జీవమ్మ ఇంట్లో చోటుంది గానీ ఆమె ఒప్పుకోలేదు. "ఎంత పొట్టేలైనా పరాయి మగోడు గదా. మొగుడు లేనిదాన్ని, నా ఇంట్లో ఎట్ల పెట్టుకుందును?" అంది. అది సబబే అన్నారు. పొట్టేలును పాస్టరు గారి వసారాలో కట్టేశారు. ఒంటిమీద నూలు పంచె కప్పారు. విమల గోనెలోంచి రాగులూ బెల్లమూ తెచ్చి పెట్టారు. రెండు పూటలా పాస్టరు దాని ఎదుట పీట వేసుకుని, కట్టుకున్న భార్యను విడిచిపెట్టడం ఎంత పాపమో విడమరిచి చెప్పాడు. అది వింటూ ఆయన కండువా అంచు నమిలింది. పశ్చాత్తాపం మొదలైందని ఆయన నమ్మాడు. సంతోషమ్మ బడిలో నాలుగో ఎక్కం కూడా తప్పు చెప్పసాగింది.

బుధవారం పొద్దున వాగు అవతలి ఊరినుంచి గొర్రెల కంబన్న వచ్చాడు. పొట్టేలు కోసం మూడు ఊళ్లు తిరిగి అలసిపోయి ఉన్నాడు.

"నా పొట్టేలు ఇయ్యండప్పా. రేపు సంత. కర్నూలు కసాయి మాట్లాడుకొని పోయినాడు."

"కసాయికా?" పాస్టరు లేచి నిలబడ్డాడు. "పెండ్లయిన మనిషిని కసాయికి అమ్ముతావా?"

"పొట్టేలుకు పెండ్లేంది సామీ?"

"కడపలో పెండ్లాం కడుపుతో ఉండాది."

కంబన్న పొట్టేలు వైపు చూశాడు. కప్పిన పంచె వైపు కూడా చూశాడు. "దీన్ని నేను పాలు తాపి పెంచినా సామీ. నా చేతిలో కట్టేసిన పలుపు ఇది."

"అయితే కట్టేసుకున్యోడివి నువ్వేనా?" అంది జీవమ్మ. "ఆ మాంత్రికుడివి నువ్వేనా?"

కంబన్నకు గడ్డం ఉంది. కొండల్లో తిరుగుతాడు. ఇంకేం కావాలి. జనం అతని చుట్టూ మూగారు. ఎవరో చేతులు విరిచి పట్టుకున్నారు, ఎవరో పళ్లు రాలగొట్టాలన్నారు. అప్పటికి పారలూ కట్టెలూ కూడా వచ్చాయి. గొర్రెలు కాసుకునే మనిషి ముఖం తెల్లబోయింది. బడి గుమ్మంలో నిలబడి చూస్తున్న సంతోషమ్మకు ఆ ముఖం చూశాక ఇల్లు పోతుందన్న భయం చిన్నదైపోయింది. ఆమె పరుగెత్తి వెళ్లి మధ్యలో నిలబడింది.

"ఆయప్పను ఇడిసిపెట్టండి. ఆయన మాంత్రికుడు గాదు. విమల లేదు."

"సచ్చిపోయిందా?" జీవమ్మ నేలమీద కూలబడి ఏడుపు అందుకుంది.

"సచ్చిపోలేదు. పుట్టనే లేదు. నవల్లో ఉండాది. పొట్టేలు ఇంగొక నవల్లో ఉండాది. రెండూ నేనే సదివినా. అబద్ధం చెప్పినా. తప్పు నాది."

కంబన్న చేతులు వదిలారు. అతను ఎవరితోనూ మాట్లాడకుండా పంచె తీసి మడిచి పీటమీద పెట్టి, పొట్టేలును తోలుకుని దాదాపు పరుగెత్తాడు.

"శుక్రవారం ఉపవాసం ఉంటిమి గదా టీచరమ్మా" అన్నాడు పాస్టరు, ఆ పంచె చేతిలోకి తీసుకుని.

"ఉంటిరయ్యా."

"ఆ పొట్టేలుకు నేను వాక్యం చెప్తిని."

"చెప్తిరి."

"పెట్టె సర్దుకో తల్లీ. నేను చెప్పిన మాట మీద ఉండేవాణ్ణి."

సంతోషమ్మ తల వంచుకుని ఇంటివైపు నడిచింది. జీవమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఆగు టీచరమ్మా. తుదకు విమల ఏమైంది?" అంది.

"తెలీదు. తుది సదవకముందే బస్సు వచ్చింది."

"తెలీదా?" అన్నారు పదిమంది ఒక్కసారే. బిడ్డ పుట్టిందా, అత్తకు బుద్ధి వచ్చిందా, అసలు బావిలో పడిందా లేదా అని అడిగారు. ఇన్నాళ్లు కడుపు మాడ్చుకున్నవాళ్లకు ఆమాత్రం తెలుసుకునే హక్కు ఉందన్నారు. "ఈయమ్మను పంపిస్తే మాకు సదివి చెప్పేదెవరయ్యా?" అంది జీవమ్మ. పాస్టరు అటూ ఇటూ చూసి, "పంపించేది తుది తెలిసినాక పంపిద్దాం" అన్నాడు.

శనివారం ఆనందం ఆ గుమాస్తా డేరాకే వెళ్లి బతిమాలి పుస్తకం తెచ్చాడు. సాయంత్రం గుడి ముందర చాపలు పరిచారు. సంతోషమ్మ చదివింది. విమల బావిలో పడింది. మొగుడు మద్రాసు నుంచి వచ్చి, శవం మీద పడి ఏడ్చి, మంచివాడయ్యాడు. సమాప్తం.

"ఇంతమందిమి అడుక్కున్యా సంపినాడా?" అంది జీవమ్మ.

అందరికంటే పెద్ద తీర్పు పాస్టరుది. "బుద్ధి వచ్చినోడు పెండ్లాం కాళ్లు పట్టుకోవల్ల గదా. ఆయమ్మను సంపేస్తే ఎవరి కాళ్లు పట్టుకుంటాడు? రాసినాయనకు ఆడకూతుళ్లు లేరా?" పుస్తకం తీసుకుని ముందూ వెనకా తిప్పాడు. అట్ట చిరిగిపోయి రాసినవాడి పేరు లేదు. "టీచరమ్మా, ఈయన ఎవరో అంగట్లో అడిగి, రాసింది ఇంగొకటి ఉంటే తెప్పించు. మారినాడో లేదో సూడల్ల. నువ్వు యాడికీ పోవద్దు."

గురువారం ప్రార్థనలో విన్నపాల్లోంచి విమలను తీసేసి, ఆ నవల రాసినాయన మారుమనస్సు కోసం మోకరించారు.