నీలం దారం కట్టిన దానిమ్మ ఆకు

చౌటుప్పల్ బస్టాండు వెనక కూల్‌డ్రింకుల దుకాణం నడిపే మెహమూద్ బక్రీద్ మరునాడు పొద్దున పెట్టుకున్న పనులు రెండే. భార్య నిషాత్ చెప్పినట్టు ఇంట్లోని డీప్‌ఫ్రిజ్‌లోంచి ఒక పొట్లం తీసి హైదరాబాద్ వెళ్లే వ్యాను ఎక్కించడం మొదటిది. దుకాణానికి ఎలాగూ సెలవు కనుక మధ్యాహ్నం దాకా పడుకోవడం రెండవది. ఈ రెండింట్లో శ్రద్ధగా చేయవలసింది రెండవదేనని అతని అభిప్రాయం.

నిషాత్ ఊరి బయట ఉన్న మొక్కల ల్యాబులో పనిచేస్తుంది. దానిమ్మ కొమ్మ చివర గోరంత ముక్క కోసి, సీసాలో చక్కెర కలిపిన జెల్లీ మీద నిలబెట్టి, ఆ ఒక్క ముక్కలోంచి వందల మొక్కలు పుట్టించగల మనిషి. భార్య గురించి చెప్పేటప్పుడు మెహమూద్ మెడ నిటారుగా నిలబడేది. అయితే ఆమె ఆ మొక్కల్లో ఏం వెతుకుతోందో అతని బుర్రకు ఎక్కినట్టు ఎవరికీ కనిపించలేదు. ఎవరైనా అడిగితే "సీసలల్ల చెట్లు పెంచుతది" అని తేల్చేసేవాడు.

సరిగ్గా పండుగనాడే ల్యాబులో ఫ్రిజ్ పాడైంది. మెకానిక్ సెలవులో ఉన్నాడు. నిషాత్ గడ్డకట్టిన ఆకుల పొట్లాన్ని తెచ్చి ఇంట్లో ఫ్రిజ్‌లో దాచింది. తెల్లారగానే ల్యాబుకు బయలుదేరుతూ గుమ్మంలో నిలబడి మొగుడికి మళ్లీ చెప్పింది.

"జర మంచిగ వినుండ్రి. నల్ల కవరు, నీలం దారం కట్టిన. వ్యాను నడిపే దశరథ్ ఐస్ డబ్బా తెస్తడు, అండ్ల పెట్టుండ్రి. మొక్కను సీసలకెళ్లి బయటికి తీసిన దినం కోసిన ఆకు అది. కరిగిందంటే లోపటి ప్రొటీన్లన్ని ఖరాబైతయి. మళ్ల గసొంటి ఆకు కావాల్నంటే ఇంకో ఏడాది పడ్తది. నా పనంత గంగల కలుస్తది."

"ఫికర్ చెయ్యకు," అన్నాడు మెహమూద్.

నిషాత్‌కు ఫికర్ మొదలయ్యేదే ఆ మాటతో. అయినా సీసాల్లోంచి కొత్తగా బయటపడ్డ మొక్కలు నీటి తుంపర కోసం ఎదురుచూస్తుంటాయి కనుక వెళ్లిపోయింది.

వ్యాను హారన్ మోగింది. మెహమూద్ ఒక కన్ను మాత్రమే తెరిచి ఫ్రిజ్ మూత ఎత్తాడు. నీలం దారం కనిపించింది. పొట్లం తీశాడు, దశరథ్ పట్టుకున్న డబ్బాలో పెట్టాడు, ఆ కన్ను కూడా మూసుకుంటూ వచ్చి మంచం మీద వాలాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి తల్లి హసీనా గొంతు వినిపించింది.

"బేటా, పొద్దుగాలనే పోయి హిస్సాలు ఇచ్చొచ్చిన. ముజఫ్ఫర్ మామూకొకటి, లింగస్వామికొకటి, జంగమ్మకొకటి. ఫ్రిజ్ మీద నీలం దారం దొర్కింది. గుర్తుంటదని రాత్రే మూడిటికి కట్టి లోపట పెట్టిన."

మెహమూద్ రెండు కళ్లూ తెరుచుకున్నాయి.

బక్రీద్ వస్తే ఆ ఇంటి డీప్‌ఫ్రిజ్ వాడకట్టు మొత్తానిది. పంచాల్సిన కుర్బానీ మాంసం హిస్సాలు, అంటే వాటాలు, నల్ల కవర్లలో కొండలా పేరుకుంటాయి. అందులో నీలం దారం కట్టినవి మొత్తం నాలుగని ఇప్పుడు తెలిసింది. వాటిలో ఒకటి హైదరాబాద్ దారిలో ఉంది. అది ఆకో, మాంసమో చూసిన వాడు లేడు. దశరథ్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టడు. ఆ మంచి అలవాటును పోయిన నెలే మెహమూద్ పదిమందిలో మెచ్చుకున్నాడు. ఇక నిషాత్‌ను అడగడం కంటే బావిలో దూకడం సులువనిపించింది.

ముందు ముజఫ్ఫర్ ఇంటికి పరిగెత్తాడు. ఆయన హసీనా తమ్ముడు, ఖాందాన్ ఇజ్జత్ మొత్తం తన మీసం మీదే నిలబడి ఉందని నమ్మే పెద్దమనిషి.

"మామూ, పొద్దున అమ్మీ ఇచ్చిన పొట్లం జర వాపస్ ఇయ్యవా?"

ముజఫ్ఫర్ చేతిలో చాయ్ కప్పు ఆగిపోయింది. "ఏమన్నవ్? ఇచ్చిన హిస్సా వాపస్ అడుగుతున్నవా? మన ఏడు తరాలల్ల గసొంటోడు పుట్టలే!"

"అది కాదు మామూ, అండ్ల ఆకు ఉన్నదేమో చూస్త."

"గోష్‌ల ఆకేంది?"

జవాబు చెప్పకుండానే మెహమూద్ పొట్లం విప్పాడు. మాంసమే. ముఖం వేలాడేసుకుని లింగస్వామి ఇంటికి పోయాడు. అతను వీధి మలుపు తిరిగేలోపే ముజఫ్ఫర్ ఫోన్ అందుకున్నాడు.

ఆటో నడిపే లింగస్వామి ఇంట్లో కూర అప్పటికే పొయ్యి మీద ఉడుకుతోంది. అతని భార్య శ్రీదేవి వారిస్తున్నా వినకుండా మెహమూద్ గరిటె అందుకుని గిన్నెంతా దేవాడు. పచ్చటి ఆకు ఒకటి పైకి తేలింది. దాన్ని తీసి నమిలాడు. పుదీనా. ఇంకో ఆకు నమిలాడు. అదీ పుదీనాయే.

"ఉప్పు సరిపోయిందా అన్నా?" అని అడిగింది శ్రీదేవి, ఇంకేం అనాలో తోచక.

"సరిపోయింది చెల్లె," అని వెక్కుతూ బయటపడ్డాడు.

ఇక ఆకు జంగమ్మ దగ్గరే ఉండాలి. జంగమ్మ వీధి చివర ఒక్కతే ఉండే ముసలమ్మ, ఇంట్లో ఫ్రిజ్ లేదు. మిరుగు కార్తె దాటినా ఎండ పెనం మీద పడ్డట్టే ఉంది. తలుపుకు తాళం. మెహమూద్ ఆ తాళాన్ని కాసేపు బతిమాలి, కాళ్లీడ్చుకుంటూ ఇంటికి తిరిగొచ్చాడు.

ఇంటి ముందు జనం. ముజఫ్ఫర్ ఫోన్‌లో చెప్పింది ఒక్క ముక్కే, "మెహమూద్ హిస్సాలు వాపస్ తీస్కుంటుండు" అని. రెండో ఇంటికి చేరేసరికి అది మాంసంలో ఏదో లోపం ఉందన్న అనుమానమైంది. నాలుగో ఇంట్లో ఆ లోపానికి నిషాత్ ల్యాబు మందు అని పేరు పడింది. మెహమూద్ ఇంటి నుంచి వచ్చినవే కాదు, అన్ని ఇళ్ల పొట్లాలూ అతని గడపకే చేరాయి. కుక్కలు కూడా వరుసలో నిలబడ్డాయి. హసీనా కర్ర పట్టుకుని కాపలా కాస్తోంది.

"చెప్పు, గోష్‌ల ఏం కలిపిన్రు?" గర్జించాడు ముజఫ్ఫర్.

తన మీద ఎన్ని మాటలు పడ్డా మెహమూద్ మింగేసేవాడు. అవి నిషాత్ మీద పడేసరికి ఒళ్లు మండింది. ఖాళీ కూల్‌డ్రింకు సీసాల డబ్బా ఒకటి బోర్లించి దాని మీద ఎక్కాడు.

"ఏం కలపలే! మా నిషాత్ పని ఏందో ఎర్కేనా మీకు? సీసల ఉన్నప్పుడు మొక్కకు అన్ని నోటికాడికే వస్తయి. చక్కెర జెల్లీల ఉంటది. ఎండ లేదు, గాలి లేదు. ఆకైతే ఉంటది గని, దానికి వండుకునుడు రాదు. బయటికి తీసిన దినం సూడాలె దాని కష్టం! చక్కెర బందు. గాలి ఒకదిక్కు గుంజుతది, వెలుతురు ఒకదిక్కు కొడ్తది. అప్పుడు ఏడ్సుకుంట కూసోదు అది. ఆకు లోపట పాత ప్రొటీన్లు కొన్ని తగ్గించుకుంటది, కొత్తయి తయారు చేస్కుంటది. వెలుతురుతోని బువ్వ వండేటియి కొన్ని, వేడిని ఆపేటియి కొన్ని. ఎవలు నేర్పిన్రు దానికి? ఎవలు నేర్పలే!"

జనం ఒక అడుగు దగ్గరికి జరిగారు.

"ఏ ప్రొటీన్ ఎప్పుడు పుడ్తదో మా నిషాత్ కనుక్కుంటాంది. అది తెలిస్తే మొక్కను ఎన్ని దినాలు నీడకుంచాల్నో, ఎప్పుడు చేన్ల పెట్టాల్నో తెలుస్తది. పోయినేడు నీ బావ చేన్ల ఏమైంది లింగస్వామీ?"

"సగం దానిమ్మ మొక్కలు ఎండిపాయె," అన్నాడు లింగస్వామి నీరసంగా.

"ఎండొద్దని నా భార్య తండ్లాడుతాంది. పండుగనాడు సుత సేమియా నోట్ల పెట్టకుంట మొక్కల కాడికి ఉరికింది. గా ఆకు పొట్లం నాకిచ్చి పోతే, నేను దాన్ని మాంసంల కలిపి పారేసిన!"

ఇన్ని మాటలు తన నోటి నుంచి రావడం చూసి మెహమూదే బిత్తరపోయాడు. పదకొండేళ్లుగా అన్నం ముందు కూర్చుని, సగం నిద్రలో ఊఁ కొడుతూ విన్న కబుర్లన్నీ లోపల ఎక్కడో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

జనంలోంచి జంగమ్మ ముందుకు వచ్చింది. "గంత గొప్ప ఆకా బిడ్డా! మీ అమ్మ ఇచ్చిన పొట్లం కిరాణం దుకాణపోల్ల ఫ్రిజ్‌ల పెట్టుడుకే పోయిన. ఇప్పలేదు. ఇగో తీస్కో." చేతిలో పొట్లం రాయిలా గట్టిగా ఉంది. నీలం దారం కూడా అలాగే ఉంది.

మెహమూద్ దాన్ని కళ్లకద్దుకున్నాడు. దారం తెంపాడు.

మాంసం.

మెహమూద్ డబ్బా మీదే కూలబడ్డాడు. "అయిపోయింది. ఆమె ఏడాది పని నేను తిన్న. ఇగ ఏ మొఖం పెట్టుకుని చూడాలె?" అని అందరి ముందే కళ్లు తుడుచుకున్నాడు.

"గీ మొఖమే పెట్టుకుని చూడుండ్రి," అంది వెనక నుంచి ఒక గొంతు.

మాంసంలో ల్యాబు మందు కలిసిందన్న కబురు ల్యాబు దాకా పోవడంతో నిషాత్ వచ్చేసింది. ఎంతసేపటి నుంచి నిలబడి వింటోందో ఎవరూ గమనించలేదు.

"నీలం దారం పొట్లాలు మొత్తం ఎన్ని?"

"నాలుగు."

"అమ్మీ పంచినయి మూడు. మూడిట్ల ఏముండె?"

"గోష్," అన్నాడు మెహమూద్ దీనంగా.

"మరి నాలుగోది?"

మెహమూద్ ఆకాశం వైపు చూశాడు, ముజఫ్ఫర్ మీసం వైపు చూశాడు. జవాబు రెండు చోట్లా లేదు. నిషాత్ తన ఫోన్ అతని ముందు పెట్టింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఫోటో. రేకు కాగితం విప్పి ఉంది, అందులో మంచు పట్టిన చిన్న చిన్న దానిమ్మ ఆకులు. కింద, కరగకుండా గట్టిగానే చేరాయి మేడమ్ అని రాసి ఉంది.

"మంచిగనే పంపిన్రు," అంది నిషాత్. తర్వాత గొంతు తగ్గించింది. "నేను చెప్పినయి గిన్ని యాదికి పెట్టుకున్నరని నాకు తెల్వదు." ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ల్యాబులో ఎవరు మెచ్చుకున్నా ఆమెకు ఇంత సంతోషం కలగలేదు.

ఆ తర్వాత జనం పొట్లాల మీద పడ్డారు. ఏది ఎవరిదో తేలక, అందరికంటే బరువైనది ముజఫ్ఫర్ తీసుకుపోయాడు.

పెళ్లయిన పదకొండేళ్లలో నిషాత్ చెప్పిన పనిని మెహమూద్ చెప్పినట్టు చేయడం అదే మొదటిసారి. ఆ సంగతి వీధిలో అందరికంటే ఆఖరున తెలిసింది అతనికే.