బూరపూల డాక్టరు ఎడమ కన్ను

ఆ రోజు పొద్దున పళ్ల డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం దాకా క్లినిక్ చూసుకోవాలి, ఇంటికొచ్చి భోంచేసి ఓ కునుకు తీయాలి, పొద్దువాలే వేళకి పూల సంఘం నుంచి వచ్చే పెద్దావిడకి తన కొత్త బూరపువ్వు చూపించి భేష్ అనిపించుకోవాలి. ఇందులో కష్టమైనదేమైనా ఉంటే అది కునుకేనని ఆయన అనుకున్నాడు.

బూరపువ్వంటే ఉమ్మెత్తకి దగ్గరి చుట్టం. ఉమ్మెత్త ఆకాశం వైపు చూస్తుంది, ఇది మూరెడు బూరలా నేలవైపు వేలాడుతుంది. పగలంతా ఏమీ ఎరగనట్టు ఊరుకుని, సాయంత్రం కాగానే వీధివీధంతా వాసన పంచిపెడుతుంది. చుట్టరికం కొద్దీ విషం కూడా దండిగానే ఉంటుంది. డాక్టరుగారు వీటిలో ఒక రకాన్ని ఇంకో రకంతో కలిపి కొత్త రకాలు పుట్టించే పిచ్చిలో పడి చాలా ఏళ్లయింది. మొగ్గ విచ్చకముందే దాన్ని చీల్చి, క్లినిక్ నుంచి తెచ్చుకున్న పట్టకారుతో లోపలి కేసరాలు పీకేసేవాడు. పీకేటప్పుడు అలవాటు కొద్దీ "నొప్పుండదు, అయిపోయింది, అయిపోయింది" అని మొగ్గకి ధైర్యం చెప్పేవాడు. తర్వాత వేరే మొక్క పుప్పొడి కుంచెతో అద్ది, పురుగూ పుట్రా దూరకుండా తన సాక్సు ఒకటి తొడిగేవాడు. పెరట్లో మొక్కలన్నీ సాక్సులు వేసుకుని నిలబడితే, ఆయన మాత్రం ఒట్టి కాళ్లకే బూట్లు తొడుక్కుని క్లినిక్‌కి వెళ్లేవాడు.

పుట్టిన మొక్కలన్నిటినీ ఉంచుకుంటే ఇల్లు అడవైపోతుంది కాబట్టి, పూతకొచ్చాక వాటికి పరీక్ష పెట్టి నచ్చనివాటిని తీసేయాలి. ఆ పరీక్ష ఆయన రోజూ పొద్దున క్లినిక్‌కి వెళ్లే ముందు చేసేవాడు. సాయంత్రాలు క్లినిక్‌లో పంటినొప్పులవాళ్లకే సరిపోయేవి. పరీక్షలో కొలత కూడా ఒకటే. పువ్వు అంచున ఉండే మొనలన్నీ తీర్చినట్టు ఒక వరసలో ఉండాలి. ఒకటి ముందుకు పొడుచుకొచ్చినా, ఒకటి పక్కకి తిరిగినా, "మూతి వంకర" అని పెదవి విరిచి, మొక్కని వేళ్లతో సహా పెకలించి భార్య చేతిలో పెట్టేవాడు. తీసుకెళ్లి ఎరువు గుంటలో పారేయడం ఆవిడ వంతు.

ఆవిడకి ఆ మొక్కలంటే ఒళ్లుమంటని చుట్టాలందరి నమ్మకం. బట్టలారేసుకునే చోటు సగం పోయినా, ఇంట్లో జత కలిసిన సాక్సులు లేకపోయినా ఓర్చుకుంది గానీ, ఒక్క మాట మాత్రం మొదట్లోనే తేల్చి చెప్పింది. "మీ మొక్కల వల్ల ఈ ఇంట్లో ఎవరికి రవ్వంత హాని జరిగినా, ఆ పూటే అన్నిటినీ నరికించేస్తాను. తర్వాత నన్నేమీ అనొద్దు." డాక్టరుగారు సరేనని మాటిచ్చాడు. మొక్క ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోకుండా మొహం మీద పెట్టుకోకూడదని, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ కాఫీ కంటే ముందు పాఠం చెప్పేవాడు.

అలాంటి మనిషి ఆ పొద్దున తన ముద్దుల మొక్క దగ్గరికి వెళ్లి, పండుటాకులు గిల్లి, మొగ్గకి తొడిగిన సాక్సు తీశాడు. మొగ్గ నిండుగా ఉంది. సాయంత్రానికి విచ్చుకుంటుంది. అంచున మడతలు చూస్తే వరస అమోఘం. దీనికి భార్య పేరు పెట్టాలని ఆయన ఎప్పుడో అనుకున్నాడు, ఆవిడకి చెప్పలేదు. సంఘం పెద్దావిడ ఒప్పుకుంటే ఆ పేరు కొత్త రకాల జాబితాకి ఎక్కుతుంది. ఇన్నేళ్ల చాకిరీ ఈ ఒక్క సాయంత్రం మీద ఉందని తలుచుకోగానే ఆయన కళ్లు చెమర్చాయి. ఎడమ కన్ను తుడుచుకున్నాడు.

క్లినిక్‌లో మొదటి కుర్చీ ఎక్కినవాడు దవడ పన్ను పీకించుకోవడానికి వచ్చిన పోస్ట్‌మాన్. నోరు తెరిచి పడుకుని, చేసేదేమీ లేక డాక్టరుగారి మొహంకేసి చూశాడు. డాక్టరుగారి కుడి కంటి పాప ఆవగింజంత ఉంది. ఎడమ కంటి పాప చొక్కా గుండీ అంత ఉంది. పోస్ట్‌మాన్ మెల్లగా నోరు మూసుకుని, "నొప్పి తగ్గిపోయిందండీ" అని చెప్పి, మెడకి కట్టిన గుడ్డతోనే మెట్లు దిగి వెళ్లిపోయాడు. వెళ్తూ నర్సు చెవిలో ఏదో ఊదాడు. నర్సు లోపలికి వచ్చి చూసి, ఫోన్ దగ్గరికి పరిగెత్తింది.

డాక్టరుగారు అద్దం చూసుకున్నాడు. సంగతి క్షణంలో అర్థమైంది. మొక్క రసం కంట్లో పడితే పాప అలాగే విచ్చుకుంటుంది, రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది, ప్రాణానికేమీ ఢోకా లేదు. ఈ ముక్క చెప్పేస్తే అక్కడితో తేలిపోయేది. కానీ చెప్తే ఆ పూటే గొడ్డలి. సాయంత్రం దాకా ఎలాగో నెట్టుకొస్తే చాలనుకుని, కంగారుగా వచ్చిన భార్యతో నిద్ర చాలలేదని చెప్పాడు. ఒక్క కంటికే నిద్ర చాలకపోవడమేమిటని ఆవిడ అడిగింది.

ఆవిడ ఒక్కతే రాలేదు. వెంట తమ్ముడు కూడా వచ్చాడు. ఈ బామ్మర్ది బీమా ఏజెంటు. అందువల్ల అతనికి లోకంలో ఉన్న జబ్బులన్నీ పేరుపేరునా పరిచయం. బావగారిని కూచోబెట్టి, చేతులు రెండూ పైకెత్తించాడు, నాలుక చాపించాడు, మొన్న కట్టిన ప్రీమియం ఎంతో చెప్పమన్నాడు. అది మాత్రం ఆయన చెప్పలేకపోయాడు.

"ఏదీ, ఓసారి నవ్వండి బావా. మూతి వంకర పోయిందేమో చూస్తా" అన్నాడు.

లోపల దొంగతనం ఉన్నవాడి నవ్వు తిన్నగా ఎలా వస్తుంది? ఒక పక్కకే వచ్చింది. బామ్మర్ది అక్క వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత డాక్టరుగారి మాట ఎవరూ వినలేదు. తన క్లినిక్ మెట్లు తనే స్ట్రెచర్ మీద దిగి ఆయన పెద్దాస్పత్రికి బయల్దేరాడు. మెట్ల కింద పోస్ట్‌మాన్ ఇంకా నిలబడే ఉన్నాడు, టోపీ తీసి పట్టుకుని.

ఆస్పత్రిలో ఓ కుర్ర డాక్టరు టార్చి వేసి చూశాడు. కంట్లో ఏమైనా పడిందా అని అడిగాడు. పక్కనే భార్య చేయి పట్టుకుని కూచుని ఉంది. ఏమీ పడలేదని చెప్పక తప్పలేదు. అయితే తల స్కానింగ్ తీయాల్సిందేనన్నారు. స్కానింగ్ గది ముందు వరస పెద్దది. కిటికీలోంచి ఎండ పచ్చబడటం డాక్టరుగారికి కనిపిస్తోంది. అక్కడ మొగ్గ మడత విప్పుకుంటూ ఉంటుంది. ఇంకాసేపట్లో పెద్దావిడ గేటు తీస్తుంది. ఆయనకి ఇక కాలు నిలవలేదు. కుర్ర డాక్టర్ని పిలిచి, "మా ఆవిడని కాసేపు బయటికి పంపండి. మీతో ఒక్క మాట చెప్పాలి" అన్నాడు.

భర్త తనని బయటికి పంపి డాక్టరుతో చెప్పే మాట ఏమై ఉంటుందో ఏ ఇల్లాలైనా ఎలా ఊహిస్తుందో, ఆవిడా అలాగే ఊహించింది. వరండాలో బెంచీ మీద కూలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. బామ్మర్ది చుట్టాలకి ఫోన్లు మొదలెట్టాడు. పరిస్థితి చేయి దాటిందని, చూసుకోవాలనుకునేవాళ్లు వెంటనే బయల్దేరమని గొంతు తగ్గించి చెప్పాడు. పొరుగూళ్లో ఉన్న పెదనాన్నగారైతే చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బస్సెక్కేశాడు.

లోపల డాక్టరుగారు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కుర్ర డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ పడీపడీ నవ్వాడు.

"మరి మీ ఆవిడకి ఏం చెప్పమంటారు?"

"మెడ నరం పట్టేసిందని చెప్పండి. సాయంత్రం దాకా చాలు."

"అబద్ధం చెప్పలేనండీ. కానీ ఆవిడ అడగనిది నేనై చెప్పను" అని కుర్ర డాక్టరు మాటిచ్చాడో లేదో, తలుపు తోసుకుని ఆస్పత్రి నర్సు వచ్చింది. వెనకాల ఇల్లాలు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. ఎడమ కంటి పాప ఆవగింజంత ఉంది. కుడి కంటి పాప చొక్కా గుండీ అంత ఉంది.

"సార్, ఈవిడక్కూడా" అంది నర్సు.

ఆ మాట గుమ్మం అవతల బామ్మర్ది చెవిన పడింది. అతను ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ వరండా చివరికంటా వెళ్లి, అక్కడ నుంచి మళ్లీ చుట్టాలకి ఫోన్ చేశాడు. ఇది అంటుకునే జబ్బని, బయల్దేరనివాళ్లు అదృష్టవంతులని చెప్పాడు. పెదనాన్నగారు దారిలోనే బస్సు దిగిపోయాడు.

కుర్ర డాక్టరు ఆవిడ కంట్లో టార్చి వేసి, మాటిచ్చిన సంగతి మరిచిపోయి, "మీరు కూడా ఆ మొక్కని ముట్టుకున్నారా అమ్మా?" అన్నాడు.

"ఏ మొక్క?" అందావిడ. కుర్ర డాక్టరు పైన ఫ్యాను ఎలా తిరుగుతోందో చూడసాగాడు. మొగుడు తల దించుకున్నాడు.

"పొద్దున ఆకులు గిల్లి కన్ను తుడుచుకున్నాను" అన్నాడు చివరికి.

"అంటే క్లినిక్‌లోనే మీకు తెలుసు."

"తెలుసు."

"నేను పొద్దుట్నించీ ఏడుస్తూనే ఉన్నాను. మీరు లేకపోతే ఆ ఇంట్లో ఎలా ఉండాలో తెలీక ఏడ్చాను. మీరేమో మొక్కల కోసం నోరు మూసుకుని పడుకున్నారు."

ఆయనకి నిజంగానే సిగ్గేసింది. క్షమించమని అడుగుదామని తలెత్తి, ఆవిడ కుడి కన్ను చూసి ఆగిపోయాడు. "ఇంతకీ నీ కంటికేమైంది? నువ్వా మొక్కల ఛాయలకే రావుగా" అన్నాడు.

ఆవిడ చీర సర్దుకుంది. "ముందు ఇంటికి పదండి. ఆ పెద్దావిడ వచ్చేసి ఉంటుంది. నరికించాల్సినవి నరికించాక మిగతా మాటలు" అంది.

కారు బామ్మర్దే నడిపాడు. ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, అద్దాలన్నీ దించి, అక్కాబావల్ని వెనక సీట్లో కూచోబెట్టాడు. అసలు సంగతి అతనికి చెప్పడం ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంటికొచ్చేసరికి గేటు తీసి ఉంది. ముందు వాకిట్లో ముద్దుల మొక్క పువ్వు విచ్చుకుని వేలాడుతోంది. మొనలన్నీ గీత గీసినట్టు ఒక్క వరసలో ఉన్నాయి. కానీ దాని ముందు ఎవరూ లేరు. పెద్దావిడ చూసి వెళ్లిపోయిందనుకున్నాడు డాక్టరుగారు. అంతలో పెరటి వైపు నుంచి దగ్గు వినిపించింది. నీళ్ల ట్యాంకు వెనక, బట్టలుతికే బండ పక్కన, సంఘం పెద్దావిడ నడుం వంచి ఓ పువ్వులో ముక్కు పెట్టి నిలబడి ఉంది. పగిలిన డ్రమ్ములో నాటిన మొక్క అది. కొమ్మ వాలకుండా పాత దుప్పటి పీలికతో కర్రకి కట్టి ఉంది. పువ్వు పాలమీగడ రంగులో మొదలై అంచుకొచ్చేసరికి పండిన బొప్పాయి రంగుకి తిరిగింది. మొనల్లో ఒకటి మిగతావాటి కంటే పొడుగ్గా సాగి, వెనక్కి మెలి తిరిగి ఉంది. డాక్టరుగారు చూడగానే గుర్తుపట్టాడు. తను మూతి వంకర అని పీకి పారేయమన్నదే.

"వాకిట్లో పువ్వు చూశానండీ" అంది పెద్దావిడ, ఇద్దరి కళ్లనీ ఓసారి చూసి, మర్యాదకి ఏమీ అడక్కుండా. "తప్పుపట్టడానికేమీ లేదు. కట్టుడు పళ్ల వరసలా ఉంది. అలాంటివి చాలా చూశాను. దాన్ని మీరెప్పుడైనా సాయంత్రం పూట వాసన చూశారా?"

చూడలేదు. ఆయన చేసిన పరీక్షలన్నీ పొద్దుటిపూటవే. బూరపువ్వుకి పొద్దున వాసన ఉండదని తెలిసి కూడా ఇన్నేళ్లుగా పొద్దున్నే మార్కులు వేశాడు. సాయంత్రాలు ఆ పెరట్లో ఉన్నది ఒక్క మనిషే.

"గేటు దగ్గర్నుంచి ఈ వాసన పట్టుకునే ఇక్కడిదాకా వచ్చాను. ఎవరిదిది?" అని పెద్దావిడ అడిగింది.

ఆ రెండు రకాల్నీ కలిపింది తనే. నాదేనని అంటే కాదనే హక్కు ఎవరికీ లేదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన పువ్వు దగ్గరికి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని వాసన చూశాడు. కర్రకి కట్టిన దుప్పటి పీలిక చూశాడు. "మా ఆవిడది" అన్నాడు.

ఇల్లాలు కొంగు వేలికి చుట్టుకుంటూ, పారేయమని ఇస్తే మనసొప్పలేదని, ఆయన అటు రాని ఉతుకుడు బండ పక్కన నాటి, బట్టలు తీసేటప్పుడు రోజూ ఓ చెంబెడు నీళ్లు పోశానని, ఈవేళ సంఘంవాళ్లు వస్తే నవ్వుతారని డ్రమ్ముని ట్యాంకు చాటుకి జరిపానని చెప్పింది. జరిపి ఎండుటాకులు తుంచుతుంటే నర్సు ఫోన్ చేసింది. చేతులు కడుక్కోవడం మరిచి పరిగెత్తింది. పెద్దావిడ కాగితం తీసి మొక్క వివరాలు రాసుకోసాగింది.

డాక్టరుగారు భార్య పక్కకి జరిగి, "మరి నరికించే సంగతి?" అని మెల్లగా అడిగాడు.

"ఇప్పుడెవరికేం హాని జరిగిందని? నా కంటికి అన్నీ చక్కగానే కనిపిస్తున్నాయి" అందావిడ, ఆయన భుజమనుకుని ట్యాంకు గొట్టం పట్టుకుంటూ.

ఆ రకానికి పేరు పెట్టే హక్కు ఆవిడదే అయింది కాబట్టి ఆవిడ మొగుడి పేరు పెట్టింది. ఎందుకని ఎవరైనా అడిగితే, మూతి వంకరగా ఉన్నా పారేయబుద్ధి కాలేదని చెబుతుంది.