పై పోర్షన్‌కు నలభై మూడు ప్రశ్నలు

ఒక్క నిమిషం ఆగండి. వేలు ఫోను మీది నుంచి తీసి ఇది వినండి, తర్వాత మీ ఇష్టం. మానవజాతి చరిత్రలో ముందు నిప్పు వచ్చింది, తర్వాత చక్రం వచ్చింది, ఆ తర్వాత వనపర్తిలో మా ఇంటి పై పోర్షన్ వచ్చింది. మొదటి రెండింటికీ ఎవరూ నియమావళి రాయలేదు కాబట్టే ఇన్ని ప్రమాదాలు జరుగుతున్నాయి. మూడోదానికి నేను రాశాను.

నా పేరు పర్వేజ్. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివి, ఇంటికొచ్చి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, ఎవరూ అడక్కుండానే ఇంటి యజమాని బాధ్యతలు స్వీకరించాను. పోయినేడు కింది ఇంటి మీద రెండు గదులు, ఒక వంటిల్లు, బాత్రూం వేశాం. దాన్ని కిరాయికి ఇవ్వాలి. మా ఊళ్లో ఈ పని ఎలా జరుగుతుందంటే, టీకొట్టులో ఒకరికి చెబుతారు, ఆయన మంగలి షాపులో చెబుతాడు, సాయంత్రానికి ఒక కుటుంబం ట్రాలీ ఆటోలో బీరువాతో సహా దిగుతుంది. ఇంత అశాస్త్రీయంగా మనుషులు ఇన్నేళ్లు ఎలా బతికారో నాకు అర్థం కాలేదు.

అందుకని కిరాయిదారుల ఎంపిక మండలిని స్థాపించాను. అధ్యక్షుడిని నేను. కార్యదర్శిని నేను. సాంకేతిక సలహాదారు కోసం చాలా వెతికి చివరికి నన్నే నియమించుకున్నాను. మా దాదా, అంటే తాత, ఇమామ్ సాహెబ్ గౌరవ సభ్యుడు. (గౌరవం ఉంటుంది, ఓటు ఉండదు.) అమ్మీని, అంటే కుబ్రా బేగంను, పరిశీలకురాలిగా పెట్టాను, ఎందుకంటే వద్దన్నా ఆమె వంటింటి కిటికీలోంచి అన్నీ పరిశీలిస్తుంది.

నలభై మూడు ప్రశ్నలతో ఆన్‌లైన్ ఫారం తయారుచేశాను. ప్రతి ప్రశ్నకూ నక్షత్రం గుర్తు పెట్టాను, అంటే ఏదీ ఖాళీ వదలడానికి లేదు. మీ ఇంటికి వచ్చే చుట్టాల వార్షిక సగటు ఎంత? మీ కుక్కర్ ఎన్ని విజిళ్లకు ఆగుతుంది? మేడ మీద మిరపకాయలు ఆరబెట్టే ఉద్దేశం ఉందా, ఉంటే విస్తీర్ణం ఎంత? వందకు అరవై వస్తే ఇల్లు, రాకపోతే మర్యాద వాక్యం.

మర్యాద వాక్యం అంటే నియమావళి పదకొండో సెక్షన్. తప్పినవాళ్ల మనసు నొప్పించకూడదు కాబట్టి అందరికీ ఒకే మాట చెప్పాలి: "మొన్ననే ఇచ్చేసినం." ఎవరికిచ్చామో చెప్పనక్కర్లేదు. ఎవరూ అడగరు. నాగరికత అంటే అదే.

టులెట్ బోర్డు మీద ఫోన్ నంబర్ బదులు క్యూఆర్ కోడ్ అచ్చు వేయించాను. మొదటి రోజు పద్నాలుగు మంది స్కాన్ చేశారు. అందులో పదమూడు మంది పక్కనున్న టీకొట్టులో చాయ్ తాగి డబ్బులు కట్టబోయినవాళ్లు.

"తమ్మీ, పైసలు పోతలెవ్వు. ఏందో కుక్కర్ గురించి అడుగుతుంది" అన్నాడొకాయన, చేతిలో గ్లాసుతో.

అయినా దరఖాస్తులు వచ్చాయి. ఒక బ్యాంకు క్లర్కుకు డెబ్భై ఒకటి వచ్చాయి గానీ, బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయా అని అడిగాడు. యజమానిని ప్రశ్నించే స్వభావం, మైనస్ పదిహేను. పాలిటెక్నిక్ కుర్రాళ్లిద్దరూ బ్రహ్మచారులు, నాలుగో సెక్షన్ కింద గేటు దగ్గరే పోయారు. (అధ్యక్షుడూ బ్రహ్మచారే. అధ్యక్షుడికి సెక్షన్లు వర్తించవు.) ఒక టీచరు దంపతులు ఎనభై రెండుతో గెలిచారు, నేను అభినందన సందేశం కూడా టైప్ చేశాను, ఈలోగా వాళ్లు మా మెట్లు ఏ దిక్కుకు ఉన్నాయో చూసి మమ్మల్ని ఫెయిల్ చేసి వెళ్లిపోయారు.

దాదా ఒకప్పుడు పెబ్బేరు అంగట్లో ఎడ్ల బేరాలు కుదిర్చేవాడు. రోజూ కుర్చీలో కూర్చుని ఇదంతా చూసి ఒకనాడు అన్నాడు:

"ఎద్దుకు ఫారం ఉండదు బేటా. పండ్లు చూడు, నడక చూడు, మెడ మీద కాడి మచ్చ చూడు. పనిచేసిన ఎద్దుకు మచ్చ ఉంటది."

దీన్ని డిజిటల్ కాని అభిప్రాయంగా నమోదు చేసి ముందుకు సాగాను.

మే నెలాఖరులో యేసుబాబు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. యేసుబాబు పాన్‌గల్ ఊరి మేస్త్రి. మా పై పోర్షన్ కట్టింది ఆయనే. కట్టిన నాలుగు నెలలూ భార్య వసంత, కూతురు రూతు, ఆయన ఆ పైనే, తలుపులు లేని గదుల్లోనే ఉన్నారు. వసంత మూడు ఇటుకలు పెట్టి వండేది, రూతు ఇక్కడి సర్కారు బడికి పోయేది, క్లాసులో ఫస్ట్ వచ్చేది. ఇల్లు పూర్తయింది, వెళ్లిపోయారు.

"రూతు ఎనిమిదిల పడ్డది సార్. ఇప్పటికి నాలుగు బళ్లు మారింది" అన్నాడు యేసుబాబు, చెప్పులు గేటు బయటే విడిచి. "టీచరమ్మ గట్టిగ చెప్పింది, పదో తరగతి దాక ఒక్క తాన్నే ఉంచుమని. నేను పని ఏడికన్న పోయొస్త. తల్లీబిడ్డ ఇక్కడుంటరు. కిరాయి అందరు ఇచ్చిందే ఇస్త. బడి జూన్ పన్నెండుకు తెరుస్తరు, గంతల జర చెప్పున్రి."

"తప్పకుండా అన్నా" అని ఫారం తెరిచాను. వ్యవస్థ ముందు అందరూ సమానమే.

పన్నెండో ప్రశ్న, గత ఐదేళ్ల చిరునామాలు. షాద్‌నగర్లో అపార్ట్‌మెంట్, పటాన్‌చెరులో గోడౌన్, పుణెలో రెండు బిల్డింగులు, తిమ్మాజిపేటలో ఒక ఫంక్షన్ హాలు, ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఫారం మూడు దాటితే తీసుకోదు. నిలకడలేమి, మైనస్ ఇరవై.

పదమూడో ప్రశ్న, ఆ ఇళ్లు ఖాళీ చేయడానికి కారణం.

"ఇల్లు పూర్తయింది సార్."

"అన్నింటికీ అదేనా?"

"పూర్తయినంక మనల్నెందుకు ఉండనిస్తరు?" అని నవ్వాడు. బదిలీ, సొంతిల్లు, యజమానితో గొడవ అని మూడే ఆప్షన్లు పెట్టాను. ఇతరములు నొక్కాను.

పంతొమ్మిదో ప్రశ్న, పాత ఇంటి యజమాని ఫోన్ నంబర్.

"మీరే గద సార్" అంది వసంత.

నియమం ప్రకారం యజమానికి ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. నా ఫోన్‌లోంచి నా నంబర్‌కే చేశాను. బిజీ అని వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ బిజీ. పాత యజమాని అందుబాటులో లేడు, మైనస్ పది.

ముప్పై ఒకటో ప్రశ్న, ఈ ఇంటి గురించి మీకేం తెలుసు? యేసుబాబు పది నిమిషాలు చెప్పాడు, ఏ గోడలో ఏ పైపు ఉందో, ఏ మూల స్లాబ్ పోసేటప్పుడు వాన పడిందో. అక్కడ యాభై అక్షరాలకు మించి పట్టవు. "చాలా" అని రాశాను.

మొత్తం ముప్పై ఎనిమిది.

మూడో రోజు ఫలితం కోసం ఇద్దరూ వచ్చారు. నేను గేటు దగ్గర నిలబడి, టై కట్టుకోకపోయినా కట్టుకున్నట్టే నిలబడి, పదకొండో సెక్షన్ అమలు చేశాను.

"మొన్ననే ఇచ్చేసినం అన్నా."

వసంత తలెత్తి బోర్డు వైపు చూసింది. "మల్ల బోర్డు?"

"తీయడానికి మనిషి దొరకలేదు" అన్నాను. (ఈ పరిస్థితి నియమావళిలో లేదు. ఇది నా సొంత ప్రతిభ.)

"గీ మాత్రం దానికి మనిషెందుకు సార్" అని యేసుబాబు గోడెక్కాడు. సంచిలోంచి కటింగ్ ప్లేయర్ తీసి, తీగ విప్పి, చుట్ట చుట్టి, బోర్డు దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టాడు. "ఎవలో మంచోళ్లకే ఇచ్చుంటరు. ఒక్క మాట చెప్పున్రి వాళ్లకు, ఉత్తరం దిక్కు పిట్టగోడ కాడ సన్న పగులున్నది. వానలకు ముందే జర సిమెంటు పాలు పోసుకోమనున్రి."

చెబుతానన్నాను.

వాళ్లు సందు తిరిగాక బోర్డు మళ్లీ కట్టాను. అంత గట్టిగా కట్టడం నాకు రాలేదు.

"అరే పర్వేజ్" అంది అమ్మీ కిటికీలోంచి. "ఎవరికిచ్చినవ్ రా ఇల్లు? నాకు గూడ చెప్పు, చాయ్ పంపిస్త."

పరిశీలకులకు ప్రశ్నలు అడిగే అధికారం లేదని గుర్తుచేశాను. దాదా తన మెడ వెనక ఒకసారి చేత్తో రుద్దుకున్నాడు.

జూన్ పన్నెండు పోయింది, జూలై పోయింది, ముప్పై ఒక్క మంది దరఖాస్తుదారులూ పోయారు, పై పోర్షన్ ఏ కళంకం లేకుండా ఖాళీగా ఉంది. ఆగస్టులో నాకు గద్వాలలో ఉద్యోగం వచ్చింది, విత్తనాల కంపెనీ ఆఫీసులో, సోమవారం చేరాలి. ఇక కిరాయిదారుడి వైపు నుంచి కూడా వ్యవస్థను అధ్యయనం చేయవచ్చని ఉత్సాహంగా ఆదివారం పొద్దున్నే బస్సు దిగాను. ఆధార్ రెండు కాపీలు, ఆఫర్ లెటర్, నా గురించి నేనే రాసుకున్న ప్రశంసాపత్రం అన్నీ ఫైల్లో ఉన్నాయి.

మొదటి ఇల్లు వెంకటన్న అనే ఆయనది. మంచి మనిషి. కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు, గది చూపించాడు, కిటికీ తెరిస్తే గాలి ఎలా వస్తుందో కూడా చూపించాడు. నేను ఫైలు తెరవబోయాను.

"గవన్నీ ఎందుకులే నాయినా. ఇంతకు ఏం పేరు?"

"పర్వేజ్."

కిటికీ మూశాడు.

"అరె, మర్చిపోయిన. మొన్ననే ఇచ్చేసినం నాయినా."

నాకు నలభై మూడు ప్రశ్నలు పట్టిన పని ఆయన ఒక్కదాంతో ముగించాడు. సామర్థ్యం అంటే అది. బయటికొస్తూ బోర్డు చూసి, "నేను తీసి పెట్టనా అన్నా?" అని అడిగాను. "ఉండనీ, గోడకు అందంగున్నది" అన్నాడు.

మధ్యాహ్నానికి ఐదు ఇళ్లు తిరిగాను. ఐదు చోట్లా మర్యాద వాక్యం అక్షరం పొల్లుపోలేదు. నేనే కనిపెట్టాననుకున్నాను. ఇంత పెద్ద ఎత్తున అమల్లో ఉందని తెలియదు.

రాయచూరు రోడ్డు మీద, గోడలు లేచి తలుపులు పెట్టని ఒక బిల్డింగ్ నీడలో నిలబడ్డాను.

"పర్వేజ్ సార్, మీరేంది గిట్ల ఎండకు?"

యేసుబాబు. వెనక వసంత, మూడు ఇటుకల మీద గిన్నె. సిమెంటు బస్తా మీద పుస్తకం పెట్టుకుని రూతు. అది ఐదో బడి పుస్తకం.

సంగతంతా చెప్పాను. అంతా అంటే, వెంకటన్న సంగతంతా.

"గంతే కదా. పైన గది ఖాళీగనే ఉన్నది. ఓనర్‌కు నేను చెప్త. తలుపులు లేవు గని గాలి మస్తుంటది" అన్నాడు. "గీడ నాలుగు నెలల పనున్నది. పూర్తయ్యేదాక ఎవ్వరు పొమ్మనరు."

నేను ఫైలు పట్టుకుని ప్రశ్నల కోసం ఎదురుచూశాను. ఆధార్ అడగలేదు. చుట్టాల సగటు అడగలేదు. వసంత చాయ్ గ్లాసు చేతికిచ్చింది.

"సార్, ఉత్తరం దిక్కు పగులు పూడ్చుకున్నరా వాళ్లు?" అన్నాడు యేసుబాబు.

నేను నోరు తెరిచేలోపు రూతు పుస్తకంలోంచి తలెత్తింది.

"అన్నా, గా రూంల ఇప్పుడు ఎవలుంటున్నరు? వాళ్ల పాప నేను చదివిన బడికే పోతుందా?"

నిజం చెబితే ఇల్లు ఖాళీగా ఉందని తెలిసిపోతుంది. చెప్పకపోతే ఇల్లు ఖాళీగానే ఉండిపోతుంది. మూడో ఆప్షన్ లేదు, ఇతరములు అసలే లేదు, నక్షత్రం గుర్తు మాత్రం ఉంది. గ్లాసులో చాయ్ చల్లారుతోంది, ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. మీరైతే ఏం చెబుతారు?