సున్నా కేసుల ఫ్లెక్సీ

ప్రైవేటు స్కూలు సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ అంత గొప్ప పథకం మరొకటి లేదు! కాదన్నవాళ్ళతో నాకు మాటల్లేవు.

మెదక్‌లో నా మనవరాలు ఆశ్రిత చదివే స్కూల్లో ఈ మధ్యే అది పూర్తయింది. అటెండర్ నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరూ వేలిముద్రలిచ్చారు. ఎంక్వైరీకి కానిస్టేబుల్ గల్లీ గల్లీ తిరిగాడు. తెలుగు సారు జయానందం ఎలాంటివాడని అడిగితే పక్కింటావిడ గంటసేపు చెప్పింది. ఆయన కుక్కర్ ఎన్ని విజిళ్ళకు దింపుతాడో కూడా ఇప్పుడు స్టేషన్‌లో తెలుసు. ఇంతకన్నా పారదర్శకత ఏం కావాలి?

జయానందం సారైతే భయపడిపోయి తనంతట తానే నేరం ఒప్పేసుకున్నాడు. ఏడో తరగతిలో, క్రిస్మస్ నాడు, చర్చిలో పక్కవాడి కేకు తిన్నాడట! కానిస్టేబుల్ మంచినీళ్ళిచ్చి ఇంటికి పంపాడు.

ర్యాంకులొస్తే ఫ్లెక్సీ కట్టడం మన స్కూళ్ళ ఆచారం కదా! కరస్పాండెంట్ మదన్ మోహన్ గారు ఈ రిజల్ట్‌కూ కట్టించారు. రాందాస్ చౌరస్తాలో, వరసగా ముప్ఫై రెండు పాస్‌పోర్టు ఫొటోలు. ఒక్కో ఫొటో కింద "కేసులు: 0". పైన ఎర్రటి అక్షరాల్లో "పోలీసులు" అని పెద్దగా, "ధ్రువీకరించిన మా సిబ్బంది" అని చిన్నగా.

హవేలిఘనపూర్ నుంచి బజారుకొచ్చిన ఇద్దరు ఆ ఫొటోల వరస చూసి, పైన పెద్ద అక్షరాలు మాత్రమే చదివారు. కాసేపటికి బస్టాండులో అరటిపళ్ళు బేరమాడుతున్న జయానందం సారు కనిపించాడు. వెంటనే చెరో చెయ్యి పట్టుకుని వందకు ఫోన్ కొట్టారు. వచ్చింది ఆ కానిస్టేబులే!

"మళ్ళ మీరేనా సార్?" అన్నాడు పాపం.

అప్పటినుంచి జయానందం సారు బజారుకు నడిచి వెళ్ళినా హెల్మెట్ తీయడం లేదు. రోడ్డు భద్రతకు కూడా మేలే కదా!

ఫ్లెక్సీలో ఒక్క ఫొటో మాత్రం లేదు. ఆయా పెంటమ్మది. పన్నెండేళ్ళుగా చిన్నపిల్లలను బస్సు ఎక్కించి, దించి, ముక్కు తుడిచి పంపే మనిషి. ఆమె మీద కేసు తేలింది! ఓ ఎండాకాలం నల్లా రాక, మా వాడకట్టు ఆడవాళ్ళను వెంటేసుకుని ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చుంది. ఎంత ఘోరం! ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది. సోమవారం నుంచి పనికి రావద్దన్నారు.

మరి పిల్లలను బస్సు దించేదెవరని మదన్ మోహన్ గారినే అడిగాను.

"మా బామ్మర్ది పరమేశ్ ఉన్నడు గద సార్. బస్సు నడిపేది ఆయననే, ఇగ పిల్లల్ని దించేది గూడ ఆయననే."

"పోయినేడు తాగి బండి నడిపి ఒకాయన కాలు ఇరగ్గొట్టింది గాయననే గద?"

"గది ఎప్పుడో కాంప్రమైజ్ అయింది సార్. ఇద్దర్ని కూసోవెట్టి మనమే మాట్లాడినం. రికార్డు నీట్! ఫ్లెక్సీల మొదటి ఫొటో ఆయనదే, సూడలేదా?"

చూశాను. నవ్వుతున్నాడు. కింద సున్నా.

ఆ సంగతే పెంటమ్మకు చెప్పాను.

"గాయనంటే కాలు ఇరిగినాయనతోటి కాంప్రమైజ్ అయిండు సారూ. నేను నీళ్ళ కోసం కూసున్న. నేను ఎవ్వలితోటి కాంప్రమైజ్ గావాలె?"

సిగ్గేసింది.

నా మీద మాత్రం ఏ కేసూ లేదండోయ్! ఆ రోజు వాళ్ళంతా ఎండలో కూర్చుంటే నేను కిటికీలోంచి చూశాను. మర్నాడు నల్లా మా ఇంటికీ వచ్చింది.