పరిష్కారమైన లిఫ్టు

సర్కారు ఆసుపత్రిలో లిఫ్టు బాగుచేయించమని గోల చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట! లిఫ్టు తిరిగితే ఏముంది? ఎక్కుతారు, దిగుతారు, ఎవరి దారిన వాళ్లు పోతారు. అది ఆగిపోతేనే కదండీ, మామూలు మనిషికి అధికారి దర్శనమయ్యేది!

నమ్మరా? అయితే కొండపల్లి కృపానందం సంగతి వినండి.

కృపానందం థర్మల్ స్టేషన్‌లో ముప్పయ్యేళ్లు ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. భార్య శౌరమ్మ చర్చి మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, విజయవాడలో ఒక సర్కారు ఆసుపత్రిలో చేర్పించాడు. ఏ ఆసుపత్రని మాత్రం అడక్కండి. రేపు నాకు జ్వరమొస్తే నేనూ అక్కడికే పోవాలి.

ఎముకల వార్డు కింద ఉంది. ఆపరేషన్ థియేటరు మూడో అంతస్తులో ఉంది. రెంటికీ మధ్య లిఫ్టు, మూడు నెలలుగా కదలకుండా ఉంది.

ర్యాంపు ఉంటుందిగా అంటారా? భేషుగ్గా ఉంది! దాని నిండా విరిగిన మంచాలూ, కాళ్లు లేని కుర్చీలూ. వాటిని తీయాలంటే అవి పనికిరావని ముగ్గురు సభ్యుల కమిటీ ఒకటి తేల్చాలి. ఆ ముగ్గురిలో ఒకాయన రిటైరయ్యాడు, ఒకావిడ బదిలీ మీద వెళ్లింది. మిగిలినాయన ఒక్కడే కూర్చుంటే దాన్ని మీటింగ్ అనరట. ప్రజల ఆస్తిని ఇంత భద్రంగా కాపాడే ఏర్పాటు ఇంకెక్కడైనా చూశారా?

శౌరమ్మ ఆపరేషన్ మూడుసార్లు వాయిదా పడింది. ఈ వారం దాటితే ఇక ఆవిడ లేచి నడవడం కష్టమేనని డాక్టరు కృపానందాన్ని పక్కకు పిలిచి చెప్పాడు. ఆ పూట అతనికి అన్నం సహించలేదు. హెల్ప్ డెస్క్‌లో కూర్చునే డయానా జాలిపడి, అతని చేత గ్రీవెన్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించింది.

ఇక చూడండి వైభవం! సాయంత్రానికల్లా శౌరమ్మ మంచం మీద కొత్త దుప్పటి. ఏడాదిగా తిరగని ఫ్యాను గిర్రున తిరిగింది. మర్నాడు ఆసుపత్రి పాలనాధికారి వెంకటప్పయ్య గారు స్వయంగా కొబ్బరిబొండంతో వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. కట్టుకున్న భార్యకైనా ఆయన అంత ప్రేమగా బొండం అందించి ఉంటారా?

ఎందుకంటే ఫిర్యాదు గడువులోగా మూతపడకపోతే, పై అధికారుల స్క్రీన్ మీద ఆయన పేరు పక్కన ఎర్రచుక్క పడుతుంది. మూతపడాలంటే ఫిర్యాదుదారుడి ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి.

"కృపానందం గారూ, ఆ నాలుగంకెలూ చెప్పెయ్యండి. మీకు పుణ్యముంటది."

"లిఫ్టు ఏదండీ మరి?"

"లిఫ్టుదేముందండీ, ఇవాళ కాకపోతే రేపు తిరుగుద్ది. చుక్క పడిందంటే నా సర్వీసంతా ఉంటదండీ!"

కృపానందం నెమ్మదస్తుడు. ఎదుటివాడు బతిమాలితే కాదనలేడు. కానీ మోటారు తిరిగేదాకా, పని పూర్తయిందని జాబ్ కార్డు మీద ఏనాడూ సంతకం పెట్టని చెయ్యి అది.

"ఆవిడ థియేటర్లోకి వెళ్లాక చెప్తానండీ" అన్నాడు.

అంతే! గడువు చివరిరోజు పొద్దున్నే శౌరమ్మ స్ట్రెచర్ మెట్లెక్కింది. ముగ్గురు సిబ్బందితో పాటు నాలుగో మూల పట్టింది సాక్షాత్తూ వెంకటప్పయ్య గారే! చొక్కా తడిసిపోయినా మూడో అంతస్తు చేరేదాకా ఆయన మూల వదల్లేదు. థియేటరు తలుపు మూసుకోగానే కృపానందం కళ్లు తుడుచుకుని నాలుగంకెలూ చెప్పాడు. 'లిఫ్టు సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. ఆపరేషన్ కూడా బాగా జరిగింది.

ఆపరేషనైన వాళ్ల వార్డు కూడా మూడో అంతస్తులోనే. పదో రోజున డిశ్చార్జ్ కాగితం చేతికిచ్చారు. కృపానందం వెంకటప్పయ్య గారి కోసం వెళ్తే ఆయన రివ్యూ మీటింగ్‌లో ఉన్నారు. ఫిర్యాదులన్నీ నూటికి నూరు శాతం పరిష్కరించినందుకు అక్కడ ఆయనకు శాలువా కప్పుతున్నారట. డయానా మళ్లీ ఫిర్యాదు పెట్టబోతే పోర్టల్ తీసుకోలేదు.

"లిఫ్టు బాగైపోయిందంటుందండీ" అందామె.

"ఎదురుగానే ఆగి ఉందిగా అమ్మా, నీకు కనపడట్లా?"

"కనపడుతుందండీ. ఇది నన్నడగదుగా!"

చూశారా? అందుకే లిఫ్టు బాగుచేయొద్దన్న నా మాట మీదే నేనున్నాను. ఒకసారి బాగైపోయిన లిఫ్టును మళ్లీ ఎవరైనా ఎలా బాగుచేస్తారండీ?

చివరికి పక్క మంచాల రోగుల తాలూకు వాళ్లు ముగ్గురు వచ్చి తలో మూలా పట్టుకున్నారు. తలవైపు మూల కృపానందం పట్టుకున్నాడు. కొత్తగా అతికిన ఎముక ఎక్కడ కదులుతుందోనని ఒక్కో మెట్టూ కాలితో తడిమి చూసుకుని దిగుతున్నాడు. "మెల్లగానయ్యా, మెల్లగా" అంటూ శౌరమ్మ అతని చొక్కా పట్టుకుని కళ్లు మూసుకుంది.

రెండో అంతస్తు మలుపులో అతని జేబులో ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. రెండు చేతులూ స్ట్రెచర్‌కే ఉన్నాయి, తీసేదెలా?

కిందికి దిగి, ఆవిణ్ణి ఆటోలో పడుకోబెట్టాక ఫోను తీసి చూశాడు. ఆసుపత్రి సేవల మీద అభిప్రాయం అడగడానికి చేసిన కాల్ అది. కింద ఒక మెసేజ్ ఉంది: 'మీ నుంచి సమాధానం రానందున, మీరు పూర్తిగా సంతృప్తి చెందినట్లు నమోదు చేసుకున్నాము.'