కాలింగ్ బెల్లు పక్కన పేరు

మనిషి ఎక్కడ ఉంటాడో సర్కారుకు తెలిసి తీరాలన్నది జర్మనీ దేశపు నాగరికత. మనిషి ఎక్కడ ఉంటాడో సర్కారుతో సహా ఎవరికీ తెలియకూడదన్నది జమ్మలమడుగు తాలూకా నాగరికత. రెండూ గొప్పవే. ఆ రెండింటి మధ్య ఇరుక్కున్నవాడు ప్రేమానందం అనే ఇరవై మూడేండ్ల విద్యార్థి. 1999 సెప్టెంబరు మొదటి వారంలో, స్కాలర్‌షిప్పు మీద పెద్ద చదువుకని ఆ దేశంలో దిగాడు.

వాళ్ళది జమ్మలమడుగు పక్కన ఒక ఊరు (పేరు చెప్పం, చెప్పకపోవడమే ఆ ఊరి మొదటి నియమం). నాయన దేవపాలు మిషన్ బడిలో అయ్యవారు. పాపం, ఆయన చేసిన తప్పల్లా ఒకటే. 1994 ఎన్నికల్లో, మనిషి దొరకలేదని బతిమాలితే, ఒక పార్టీ తరఫున పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాడు. రెండో పార్టీవాళ్ళు ఆయన మొహం గుర్తుపెట్టుకున్నారు. ఆ పొద్దు నుంచి ఆ ఇల్లు నియమావళి కిందికి వచ్చింది. తలుపు మీద పేరు రాయరాదు. ప్రొద్దుటూరికి పోయేవాడు పులివెందులకు పోతున్నానని చెప్పవలెను. పోయిన దోవన తిరిగి రారాదు. హోటల్లో గోడకు వీపు ఆనించి, వాకిలి కనపడేటట్టు కూర్చోవలెను. ఎవరైనా వచ్చి ఫలానా మనిషి ఉన్నాడా అని అడిగితే, ఆ మనిషి ఎదురుగా మంచం మీద కూర్చొని సంగటి తింటున్నా సరే, "లేడు, కడపకు పోయినాడు, ఎప్పుడొచ్చేదీ తెలీదు" అనవలెను. (ఈ లెక్కన ఆ అయిదేండ్లలో కడపకు పోయి తిరిగిరానివాళ్ళు రెండు లక్షలు దాటి ఉంటారు. జనాభా లెక్కలవాళ్ళు ఎందుకో పట్టించుకోలేదు.)

జర్మనీలో మొదటి వారం ప్రేమానందానికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ జనానికి ప్రాణం మీద ఆశే లేదని తేల్చుకున్నాడు. బస్సు ఎనిమిదీ పదిహేడుకు వస్తుందని స్తంభానికి రాసి అంటించారు, దారిన పోయే ఎవడైనా చదువుకోవచ్చు. రోజూ అదే మనుషులు అదే బస్సుకు, అదే చోట, రోడ్డుకు వీపు పెట్టి నిలబడతారు. కిటికీలకు పరదాలు లేవు. వచ్చే మార్చి పదకొండున పది గంటలకు తాను ఏ గదిలో ఉంటాడో ప్రొఫెసరు ఆరు నెలల ముందే కాగితం మీద రాసి తలుపుకు అతికించాడు. అయ్యో, ఈయనకు పిల్లలెంతమందో ఏమో అని ప్రేమానందం నిజంగానే బాధపడ్డాడు.

ఇంతలో నివాస నమోదు కచేరీ నుంచి పిలుపు వచ్చింది. అక్కడి అధికారిణి శ్రీమతి క్రౌజ్ చాలా మర్యాదగా వివరించింది. గదిలో చేరినవాడు వీధి వాకిట్లో బెల్లు పక్కనా, టపా డబ్బా మీదా తన పూర్తి పేరు అంటించాలి. కచేరీవాళ్ళు ఆ పేరుకు ఉత్తరం రాస్తారు. ఉత్తరం అందితే మనిషి ఉన్నట్టు, తిరిగివస్తే లేనట్టు. లేనివాడికి వీసా పొడిగించే నియమం లేదు కనుక అతను ఇంటికి పోవాలి.

ఇంటికి పోవడమంటే ఏందో ప్రేమానందానికి బాగా తెలుసు. కొడుకును ఆ ఊరి కంటికి దూరంగా ఉంచాలని దేవపాలు అతన్ని చదువుకుంటున్న హైదరాబాదు నుంచి మూడేండ్లు రానియ్యలేదు. అవ్వ చనిపోయినప్పుడు కూడా, మట్టి చేసినాకనే కబురు పెట్టాడు. అంత కష్టపడి దేశం దాటించిన కొడుకు మూడు వారాలకే తిరిగొచ్చాడంటే ఆయన తట్టుకోలేడు.

అయినా చెయ్యి రాలేదు. పేరు లేని టపా డబ్బా నుంచి ఉత్తరం తిరిగిపోయింది. ప్రేమానందం కచేరీకి పోయి, తాను ఆ గదిలో ఉన్నాను గనకనే పేరు పెట్టలేదనీ, లేకపోతే ధైర్యంగా పెట్టి ఉండేవాడిననీ విన్నవించుకున్నాడు. శ్రీమతి క్రౌజ్ అంతా శ్రద్ధగా రాసుకొని, విచారణకు మనిషిని పంపింది.

ఆ మనిషి సంచీ తగిలించుకొని వచ్చి తలుపు తట్టాడు. ప్రేమానందం అనే ఆయన ఇక్కడ ఉంటాడా అని ఇంగ్లీషులో అడిగాడు. ఇంట్లో ఒకే జవాబుకు తిరిగిన నోరు, ఆగుతుందా? లేడు, కడపకు పోయినాడు, ఎప్పుడొచ్చేదీ తెలీదు అని ఇంగ్లీషులోనే అనేసింది. తలుపు వేసుకున్నాక గానీ తానేమన్నాడో అతనికి తట్టలేదు. పరిగెత్తుకుంటూ కిందికి పోయేసరికి, చెప్పిన టైముకు వచ్చిన బస్సు ఆ మనిషిని ఎక్కించుకొని చెప్పిన టైముకే పోయింది.

నివేదిక వచ్చింది. ప్రేమానందం అను వ్యక్తి సదరు గదిలో లేడు. సదరు గదిలో నమోదు కాని మరొక వ్యక్తి ఉన్నాడు. కనుక ఉండనందుకు ప్రేమానందానికి ఒకటి, ఉన్నందుకు ఆ మరొకరికి ఒకటి, మొత్తం రెండు నోటీసులు. రెండూ ప్రేమానందం చేతికే ఇచ్చి, రెండోది ఆ మరొకరికి అందజేయమన్నారు.

ఆ ఇద్దరూ తానేనని ఎంత మొత్తుకున్నా నోటిమాట చెల్లదన్నారు. ప్రేమానందం ఊరు విడిచి వచ్చేశాడని సొంత సర్కారు నుంచి కాగితం తెమ్మన్నారు. ప్రొద్దుటూరులో సర్దార్ ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేస్తే నాయనకు కబురు పోతుంది. కానీ నాయన ఏ పూట వస్తాడో ఎవరికీ చెప్పడు గనక తొమ్మిది సార్లు చేయాల్సి వచ్చింది. దేవపాలు మండల కచేరీ చుట్టూ మూడు రోజులు తిరిగాడు. ప్రేమానందం పేరు అక్కడ ఒకే చోట దొరికింది, ఓటర్ల లిస్టులో. దాన్ని చూసి గుమాస్తా రాసిచ్చిన కాగితం సర్దార్ బూత్ నుంచి ఫ్యాక్సులో వచ్చింది. సదరు ప్రేమానందం ఈ ఊరి శాశ్వత నివాసి. మొన్నటి ఎన్నికల్లో స్వయంగా వచ్చి, వేలిముద్ర వేసి, ఓటు హక్కు వినియోగించుకున్నాడు.

(అతను పోలింగ్ బూత్ మొహం ఎన్నడూ చూడలేదు. ఓటరైన నాటి నుంచి ఆ శ్రమ పార్టీవాళ్ళే పడుతున్నారు.)

శ్రీమతి క్రౌజ్ తమ నివేదికనూ ఆ ఫ్యాక్సునూ పక్కపక్కన పెట్టుకొని చూసింది. రెండు దేశాల సర్కారులు ఒక మాట మీదికి రావడం తన సర్వీసులో ఇదే మొదటిసారి అంది. ప్రేమానందం ఇక్కడ లేడని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. అయినా పిల్లవాడి మొహం చూసి ఆమెకు జాలేసింది. రేపు పది గంటలకు ఆఖరి విచారణ, బెల్లు పక్కన పేరుండాలి, తలుపు తీసి నేనే అని చెప్పాలి, లేదంటే విమానమే అంది.

ఆ సాయంత్రం అతను అట్టముక్క మీద పేరు రాశాడు. అంతవరకు వాళ్ళింట్లో ఆ పేరు రాసి ఉన్నది ఒక్క బైబిలు మొదటి పేజీలోనే, తాత చేతిరాతతో. అట్టముక్కను కిందికి తీసుకుపోయి బెల్లు పక్కన అంటించాడు. పొద్దున సరిగ్గా పదికి బెల్లు మోగింది. కడప మాట నాలిక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగి, నేనే ప్రేమానందం అన్నాడు. అని, కండ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆ మనిషి కాగితం మీద టిక్కు పెట్టి మెట్లు దిగిపోతున్నాడు. ప్రేమానందం అక్కడే మెట్ల మీద కూలబడి, చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చాడు.

వీసా వచ్చినాక నాయనకు ఫోన్ చేసి అంతా చెప్పాడు. నాయన ఒక్కొక్కటీ మళ్ళీ అడిగి చూసుకున్నాడు.

"పేరు పెట్టినావు. అడిగితే నేనే అన్నావు. అడిగినోడు ఏమీ చేయకుండానే పాయనా?"

"పాయ నాయనా."

"అయితే ఆడనే ఉండు ప్రేమా, ఈ పక్కకు రావాకు. నీ ఓటు సంగతి ఈడోళ్ళు చూసుకుంటాండారు."

చూసుకున్నారు. 2004లో కూడా ప్రేమానందం స్వయంగా ఓటేసినట్టు రిజిస్టరులో ఉంది, ఈసారి సంతకంతో. దాని కింది గీతలో దేవపాలు సంతకం. ఆయన చనిపోయి అప్పటికి రెండేండ్లు. ఎట్లా పోయినాడని ఊర్లో ఎవరినన్నా అడిగితే, కడపకు పోయినాడు, ఎప్పుడొచ్చేదీ తెలీదు అంటారు.